కరెంటు తీగల కింద తేనెటీగ దారి తప్పుతుందా? పురుగుల మెదడు, హార్మోన్లపై అయస్కాంతం ఎఫెక్ట్.. ఉద్దానం జీడితోటలకు లింకేంటి?

పలాస దాటి మందస రోడ్డు వైపు రైలు కదిలితే మధ్యలో వచ్చే చిన్న స్టేషన్ సుమ్మాదేవి. హౌరా - చెన్నై మెయిన్ లైన్ కావడంతో రాత్రీ పగలూ తేడా లేకుండా రైళ్లు తిరుగుతూనే ఉంటాయి. పట్టాల పైన 25 వేల వోల్టుల తీగ. ఇక ఉద్దానం వైపు వెళ్తే జీడి, కొబ్బరి, పనస తోటలు, వాటి మధ్యలోంచి ఊళ్లకు వెళ్లే కరెంటు లైన్లు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చెట్లతో పాటు ఈ స్తంభాలూ నేలకూలాయి. తర్వాత మళ్లీ పాతారు.

కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. కంటికి కనిపించదు. చేతికి తగలదు. తీగ కింద నిలబడిన మనిషికి ఏమీ తెలియదు. మరి జీడిపూత మీద వాలే తేనెటీగకు తెలుస్తుందా? కాండంలో దాక్కున్న పురుగుకు తెలుస్తుందా?

ఇది కేవలం సైన్స్ క్లాసులో అడిగే ప్రశ్న కాదు. జీడి పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి పెద్దగా ఎగరదు. తేనెటీగలు, ఈగలు, చీమల్లాంటివి పూల మీద తిరిగితేనే పిక్క కడుతుంది. ఉద్దానంలో 80 కిలోల బస్తా లెక్కన అమ్మే జీడిపిక్కల వెనుక, పలాసలో వందల సంఖ్యలో ఉన్న జీడి పరిశ్రమల వెనుక ఈ చిన్న ప్రాణుల చాకిరీ ఉంది. వాటి బుర్ర చెడితే నష్టం నేరుగా రైతు చేతికే వస్తుంది.

సమాధానం 'అవును' అని ఒక్క ముక్కలో చెప్పేస్తే హెడ్‌లైన్ బాగుంటుంది. కానీ నిజం అంత సింపుల్‌గా లేదు. ఎంత బలమైన అయస్కాంతం? ఎంత దూరంలో? ఎంతసేపు? అన్నీ అక్కడే ఉన్నాయి.

ముందు కొలతలు తెలియాలి

అయస్కాంత క్షేత్రాన్ని టెస్లాల్లో కొలుస్తారు. టెస్లా చాలా పెద్ద కొలత. ఆస్పత్రిలో ఎంఆర్ఐ స్కానింగ్ మిషన్లు మామూలుగా 1.5 టెస్లాలు ఉంటాయి. టెస్లాలో వెయ్యో వంతు మిల్లీటెస్లా. పది లక్షల వంతు మైక్రోటెస్లా. ఈ రెండూ గుర్తుంటే చాలు, మిగతా కథంతా అర్థమైపోతుంది.

భూమే ఒక పెద్ద అయస్కాంతం. దాని క్షేత్రం ప్రాంతాన్ని బట్టి 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది. శ్రీకాకుళం తీరంలో 40 మైక్రోటెస్లాలకు కాస్త పైన. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ వెనకాల అయస్కాంతం కొన్ని మిల్లీటెస్లాలు, అంటే భూమి కంటే వంద రెట్లు బలం. కాకపోతే ఆ బలం దాన్ని ఆనుకుని ఉన్నంత వరకే. వేలెడు దూరం జరిపితే దాదాపు ఏమీ మిగలదు.

మరో తేడా కూడా ఉంది. భూమి క్షేత్రం, ఫ్రిజ్ అయస్కాంతం స్థిరంగా ఉంటాయి. కరెంటు తీగ చుట్టూ ఉండేది అలా కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ క్షేత్రం సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పురుగు శరీరానికి ఈ రెండూ ఒకటి కాదు.

పురుగు ఎప్పుడు రెక్కలు తొడగాలో నిర్ణయించేది ఎవరు?

పురుగు తలలో మెదడు ఆవగింజ కంటే చిన్నది. అందులో కొన్ని నాడీ కణాలు ప్రత్యేకం. మామూలు నాడీ కణం సందేశాన్ని పక్క కణానికి అందించి ఊరుకుంటుంది. ఇవి మాత్రం హార్మోన్లు కూడా తయారు చేసి వదులుతాయి. అంటే సగం నరం, సగం గ్రంథి. వీటిని న్యూరోసెక్రిటరీ కణాలు అంటారు.

వీటి నుంచి వచ్చే ఒక హార్మోన్ ఛాతీ భాగంలోని గ్రంథిని తట్టి లేపుతుంది. అప్పుడు ఆ గ్రంథి ఎక్డైసోన్ అనే హార్మోన్ వదులుతుంది. దాంతో పురుగు పాత చర్మం విడిచి కొత్తది తొడుక్కుంటుంది. మెదడు వెనకాలే కార్పోరా అల్లాటా అనే జంట గ్రంథులు ఉంటాయి. వాటి నుంచి వచ్చేది జువెనైల్ హార్మోన్, తెలుగులో బాల్య హార్మోన్ అనుకోవచ్చు. ఇది ఒంట్లో ఉన్నంతకాలం పురుగు చర్మం ఎన్నిసార్లు విడిచినా పిల్లపురుగుగానే ఉంటుంది. ఇది తగ్గాకే ప్యూపా దశ, ఆ తర్వాత రెక్కలు.

ఈ లెక్క ఎంత సున్నితమో చెప్పడానికి 1960ల నాటి ఒక సంఘటన చాలు. కరెల్ స్లామా అనే శాస్త్రవేత్త చెకోస్లొవేకియా నుంచి అమెరికాలోని హార్వర్డ్‌కు కొన్ని నల్లులాంటి పురుగులను తీసుకెళ్లారు. స్వదేశంలో చక్కగా పెరిగిన పురుగులు అక్కడ పెద్దవి కావడం మానేశాయి. పిల్లలుగానే పెరిగి పెరిగి చచ్చిపోయాయి. ఆయన, కరోల్ విలియమ్స్ కలిసి ఆరా తీస్తే దొంగ దొరికింది. అది పురుగుల డబ్బాలో వేసిన కాగితం! అమెరికన్ కాగితం తయారయ్యే చెట్టులో బాల్య హార్మోన్‌ను పోలిన పదార్థం ఉంది. అది ఒంటికి అంటుకుని పురుగుల ఎదుగుదలనే ఆపేసింది. 1965లో ఈ సంగతి పేపర్‌గా బయటికొచ్చింది. ఆ తర్వాత ఇదే సూత్రంతో పురుగుమందులూ వచ్చాయి.

తేనెటీగల్లో ఈ హార్మోన్ మరో పని కూడా చేస్తుంది. పట్టులో కుర్ర ఈగలు లోపలే ఉండి పిల్లలను సాకుతాయి. వయసు పెరిగి, బాల్య హార్మోన్ స్థాయి పెరిగాక బయటికెళ్లి పూల వేట మొదలుపెడతాయి. పేరేమో బాల్య హార్మోన్, ఇక్కడ చేసేదేమో ఈగను పెద్దదాన్ని చేసి పనికి పంపడం. పేరు పెట్టినవాళ్లకు అప్పటికి ఇంత తెలీదు మరి.

ఈ మెదడు, ఈ హార్మోన్ల మీద అయస్కాంతం పెడితే ఏమవుతుంది?

బెల్‌గ్రేడ్‌లో జీడి పురుగు చుట్టం

దీని మీద ఏళ్ల తరబడి పని చేసిన ల్యాబ్ సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఉంది. సినీషా స్టాంకోవిచ్ పేరు మీద ఉన్న బయలాజికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ అది. వాళ్లు తీసుకున్న పురుగుల్లో ఒకటి మొరిమస్ ఫ్యునెరియస్. పొడవాటి మీసాలుండే పెంకు పురుగు. దాని పిల్లపురుగులు చెట్ల కలపను తొలుచుకుంటూ బతుకుతాయి.

ఉద్దానం రైతుకు ఈ వర్ణన కొత్తేమీ కాదు. జీడిచెట్టు మొదలును, వేళ్లను తొలిచే కాండం తొలుచు పురుగుది సరిగ్గా ఇదే కుటుంబం. మొదట్లో రంధ్రాలు, వాటిలోంచి రంపపు పొట్టు లాంటిది, జిగురు బయటికి రావడం, ఆకులు పండిపోవడం, చివరికి చెట్టే ఎండిపోవడం.. జీడికి దీనంత ముప్పు తెచ్చే పురుగులు తక్కువ. ఎక్కడో యూరప్ పురుగు అనుకుంటాం కానీ, మన జీడితోట పురుగుకు అది దగ్గరి చుట్టమే.

బెల్‌గ్రేడ్ శాస్త్రవేత్తలు మొరిమస్ పిల్లపురుగులను, పిండిపురుగు ప్యూపాలను 320 మిల్లీటెస్లాల అయస్కాంతం దగ్గర ఉంచారు. తర్వాత మెదడును పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోప్ కింద చూశారు. హార్మోన్లు తయారుచేసే నాడీ కణాల సైజు, వాటి కేంద్రకాల సైజు, కార్పోరా అల్లాటా సైజు.. అన్నీ కొలిచారు. అయస్కాంతం దగ్గర పెట్టని పురుగులతో పోలిస్తే తేడా కనిపించింది. అంటే హార్మోన్ ఫ్యాక్టరీలో పని తీరు మారిందన్నమాట.

అదే ల్యాబ్‌లో ఇంకో ప్రయోగంలో 2 మిల్లీటెస్లాల దగ్గర మొరిమస్ మీసాలకు సంబంధించిన మెదడు భాగంలో నాడీ కణాల స్పందనను రికార్డు చేశారు. క్షేత్రం ఉన్నప్పుడు కణాలు సిగ్నల్ కొట్టే వేగం మారింది. మీసాలతోనే వాసన చూసే పురుగుకు ఇది చిన్న విషయమేం కాదు.

అయితే ఇక్కడే ఆగి లెక్క చూడాలి. 320 మిల్లీటెస్లాలంటే సుమ్మాదేవి దగ్గర భూమి క్షేత్రానికి సుమారు 7 వేల రెట్లు. 2 మిల్లీటెస్లాలన్నా 45 రెట్లు. అంత బలం ఏ తోటలోనూ, ఏ కరెంటు స్తంభం కిందా ఉండదు. ఈ ప్రయోగాలు చెప్పేది ఒక్కటే.. పురుగు నాడీ కణాలు, హార్మోన్ గ్రంథులు అయస్కాంతానికి స్పందించగలవు. తోటలో స్పందిస్తున్నాయని కాదు.

అయస్కాంతాన్ని తీసేస్తే? సుడిదోమ చెప్పిన సంగతి

చైనాలోని నాన్‌జింగ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రశ్నను తిరగేశారు. అయస్కాంతం పెంచడం కాదు, ఉన్నదాన్ని తీసేస్తే ఏమవుతుంది? అందుకు ఎంచుకున్న పురుగు మన వరి రైతులకు బాగా తెలిసిందే. సుడిదోమ! వరి దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చి, చేనును గుండ్రంగా సుళ్లు సుళ్లుగా తగలబెట్టినట్టు చేసే దోమ.

ప్రత్యేకమైన తీగచుట్టల మధ్య భూమి క్షేత్రాన్ని రద్దు చేసి, దాదాపు సున్నా చేశారు. ఆ పెట్టెలో సుడిదోమలను పెంచారు. 2014లో వచ్చిన ఫలితాల ప్రకారం దోమ పిల్లల దశ పొడిగింది. పెద్దవయ్యాక గుడ్లు పెట్టే సామర్థ్యం తగ్గింది. 2015లో వాళ్లే మరో అడుగు ముందుకేసి దోమల్లో హార్మోన్లకు సంబంధించిన జన్యువుల పనితీరులోనూ తేడాలున్నట్టు చూపించారు. 2016లో దోమ వెలుతురు వైపు వెళ్లే తీరు, ఎగిరే శక్తి మీదా పరిశీలన వచ్చింది. లైటు ఎరలు పెట్టే రైతులకు ఈ చివరిది ఆసక్తికరమే.

ఇందులో అసలు మలుపు ఏంటంటే.. బెల్‌గ్రేడ్ ప్రయోగాల్లోలా భారీ అయస్కాంతం ఇక్కడ లేదు. భూమి ఇచ్చే ఆ కొద్దిపాటి 40-50 మైక్రోటెస్లాలు లేకపోతేనే పురుగు ఒళ్లు తేడా చేసింది. అంటే ఆ కాస్త క్షేత్రం కూడా పురుగు శరీరానికి ఎంతో కొంత తెలుస్తోందన్నమాట.

కంట్లో దిక్సూచి

తెలియడానికి లోపల ఏదో ఒక పరికరం ఉండాలిగా? దానికి రెండు దారులున్నాయి.

మొదటిది ఇనుము. 1978లో అమెరికా శాస్త్రవేత్తలు గౌల్డ్, కిర్ష్‌వింక్ బృందం తేనెటీగల కడుపు భాగంలో అయస్కాంత గుణం ఉన్న పదార్థాన్ని గుర్తించింది. 2016లో తైవాన్ పరిశోధకులు ఇంకాస్త ముందుకెళ్లారు. కడుపు నుంచి మెదడుకు వెళ్లే నాడీ తంతువును తెంచితే, నేర్చుకున్న అయస్కాంత సంకేతాన్ని తేనెటీగ గుర్తుపట్టలేకపోయింది. అంటే కడుపులో పుట్టిన కబురు నరం వెంట పైకి వెళ్తోందని.

రెండోది ఇంకా విచిత్రం. క్రిప్టోక్రోమ్ అనే ప్రొటీన్. నీలం వెలుతురు పడితే ఇందులో ఎలక్ట్రాన్ల జంట ఒకటి తయారవుతుంది. ఆ జంట ఎటు తిరుగుతుందన్నది బయటి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి మారుతుంది. దాన్నిబట్టి ప్రొటీన్ చేసే పనీ మారుతుంది. అంటే వెలుతురు ఉంటేనే పనిచేసే దిక్సూచి. పైగా ఇదే ప్రొటీన్ పండు ఈగ శరీరంలో పగలు - రాత్రి గడియారాన్ని కూడా నడుపుతుంది.

2008లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం అయస్కాంతాన్ని గుర్తుపట్టేలా పండు ఈగలకు ట్రైనింగ్ ఇవ్వగలిగారు. క్రిప్టోక్రోమ్ లేని ఈగలకు, నీలం వెలుతురు తీసేసినప్పుడు మామూలు ఈగలకూ అది చేతకాలేదు. 2009లో క్షేత్రం పెడితే ఈగల ఒంటి గడియారమే నెమ్మదించిందని మరో బృందం చెప్పింది. 2016లో మాంచెస్టర్ శాస్త్రవేత్తలు పండు ఈగ పిల్లపురుగు నాడీ కణాలనే నేరుగా పరీక్షించారు. 100 మిల్లీటెస్లాల క్షేత్రంలో నీలం వెలుతురుకు ఆ కణాలు మరింత గట్టిగా స్పందించాయి. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ కథ చక్కగా కుదిరింది.

సరిగ్గా అప్పుడే 2023లో పెద్ద బాంబు పడింది. జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ పరిశోధకులతో కూడిన బృందం పాత ప్రయోగాలను మరింత కట్టుదిట్టంగా మళ్లీ చేసింది. రెండు దారులున్న గొట్టాల్లో ఏకంగా 97,658 ఈగలను వదిలి చూసింది. మరో పరీక్షలో 10,960 ఈగలు. అన్నిట్లోనూ సమాధానం ఒక్కటే.. అయస్కాంతం వల్ల ఈగల ప్రవర్తనలో మార్పు కనిపించలేదు! ఇది కూడా నేచర్ పత్రికలోనే అచ్చయింది. విశేషం ఏంటంటే, అదే ఏడాది అదే పత్రికలో క్రిప్టోక్రోమ్‌లోని చిన్న ముక్క ఉన్నా ఈగ కణాలు అయస్కాంతానికి స్పందిస్తాయని మాంచెస్టర్ బృందం పేపర్ కూడా వచ్చింది.

ఒకే పత్రిక, ఒకే ఏడాది, ఒకే ఈగ. రెండు వేర్వేరు జవాబులు. 'అయస్కాంతంతో పురుగుల మెదడు మారిపోతుందని సైన్స్ తేల్చేసింది' అని వాట్సాప్‌లో ఏదైనా వీడియో వస్తే, ఈ లక్ష ఈగలను ఒకసారి గుర్తు చేసుకోవాల్సిందే.

మరి కరెంటు తీగల కింద?

పండు ఈగల సంగతి అలా ఉంటే, కరెంటు లైన్లకు దగ్గరగా ఉండే క్షేత్రాలతో తేనెటీగలపై చేసిన ప్రయోగాలు కాస్త ఆలోచించేలా ఉన్నాయి.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం 2018లో ప్రచురించిన పరిశోధనలో 50 హెర్ట్జ్ క్షేత్రాలనే వాడారు. మన కరెంటూ అంతే కదా. పెద్ద లైన్ల కింద నేల మీద ఉండే 20 నుంచి 100 మైక్రోటెస్లాలు, తీగకు మీటరు లోపు దూరంలో ఉండే 1,000 నుంచి 7,000 మైక్రోటెస్లాలు.. ఇలా రెండు రకాలుగా పరీక్షించారు. తేనెటీగలు వాసనను తిండితో ముడిపెట్టి నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. రెక్కలు కొట్టే తీరు మారింది. తిండి దగ్గరికి చేరుకునే ప్రయాణాలు తగ్గాయి.

2019లో అదే బృందం 17 గంటల పాటు తేనెటీగలను క్షేత్రంలో ఉంచింది. 100 మైక్రోటెస్లాల దగ్గర, ప్రమాదాన్ని గుర్తుపెట్టుకుని తప్పించుకోవడం నేర్చుకోవడంలో 20 శాతానికి పైగా తగ్గుదల కనిపించింది. పరాయి పట్టు ఈగ ఎదురైతే దూకుడు 60 శాతం పెరిగింది. అంటే చదువు తగ్గింది, కోపం పెరిగింది.

ఇవన్నీ ల్యాబ్ లెక్కలు. బయట తోటలో ఎలా ఉంటుంది? 2023లో చిలీ శాస్త్రవేత్తలు సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో దీనికి ఒక జవాబు ఇచ్చారు. పనిచేస్తున్న హైటెన్షన్ టవర్ల దగ్గర, కరెంటు లేని టవర్ల దగ్గర తేనెటీగలను, కాలిఫోర్నియా గసగసాల జాతి పూలను పోల్చి చూశారు. కరెంటున్న టవర్ల దగ్గర ఈగల ఒంట్లో ఒత్తిడికి గుర్తయిన ప్రొటీన్లు ఎక్కువ. పూల మీద వాలడం తక్కువ. ఆ పూలకు గింజ కట్టడమూ తక్కువే. పూత, ఈగ, గింజ.. ఈ మూడింటి లింకు తెగడాన్ని ఆరుబయట చూపించడమే ఈ పరిశోధన ప్రత్యేకత. జీడి కూడా పురుగుల మీద ఆధారపడే పంటే కాబట్టి ఉద్దానానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే ప్రయోగం ఇదే.

సుమ్మాదేవి లెక్క ఏం చెబుతోంది?

ఒకే తీగలో పారే కరెంటు వల్ల ఎంత క్షేత్రం వస్తుందో ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోనే ఫార్ములా ఉంది. ఉదాహరణకు రైల్వే తీగలో 400 ఆంపియర్లు పారుతున్నాయనుకుందాం. 10 మీటర్ల దూరంలో క్షేత్రం 8 మైక్రోటెస్లాలు. 40 మీటర్ల దూరంలో 2 మాత్రమే. పైగా అదే కరెంటు పట్టాల గుండా వెనక్కి తిరిగి వెళ్తుంది. రెండూ వ్యతిరేక దిశలు కాబట్టి ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. అసలు విలువ ఇంకా తక్కువే. ఆ సెక్షన్‌లో రైలు లేనప్పుడు తీగలో కరెంటు పారడమే నామమాత్రం.

ఊళ్లకు వెళ్లే 11 కేవీ లైన్లలో మూడు తీగలు పక్కపక్కనే ఉంటాయి. అక్కడా అదే కథ. ఒకదాని క్షేత్రాన్ని మరోటి తగ్గిస్తుంది. పారే కరెంటు కూడా తక్కువే. కాబట్టి సౌతాంప్టన్ వాళ్లు పరీక్షించిన 20 - 100 మైక్రోటెస్లాలు వీటి దగ్గర కాదు, భారీ టవర్ లైన్ల కింద లోడు బాగా ఉన్నప్పటి సంగతి. మనుషులకు 50 హెర్ట్జ్ దగ్గర అంతర్జాతీయ పరిమితి 200 మైక్రోటెస్లాలు. అది మనిషి నరాలను దృష్టిలో పెట్టుకుని వేసిన లెక్క, తేనెటీగను అడిగి వేసింది కాదు.

అంటే ఉద్దానంలో సాధారణ స్తంభాల పక్కనున్న జీడిచెట్టు గురించి బెంగ అక్కర్లేదు. టవర్ లైను సరిగ్గా కిందనున్న తోట, అక్కడ పెట్టిన తేనెపెట్టెల విషయంలో మాత్రం అనుమానానికి చోటుంది.

తేనెపెట్టెలకు ఇంకో ముప్పు కూడా ఉంది. 1981లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో 7,65,000 వోల్టుల లైను కింద పెట్టెలుంచి చూశారు. ఈగలు గందరగోళంగా తిరిగాయి, పెట్టె ద్వారాన్ని జిగురుతో మూసేశాయి, రాణులు పోయాయి. పెట్టెలను ఇనుప జాలీతో కప్పి దాన్ని భూమికి ఎర్తింగ్ చేస్తే సమస్య పోయింది. జాలీ అడ్డుకునేది విద్యుత్ క్షేత్రాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని కాదు. అంటే అక్కడ దోషి అయస్కాంతం కాదు, పెట్టె లోపల పుట్టిన చిన్న చిన్న షాకులు. రెండింటినీ కలిపేసి 'రేడియేషన్' అనే ఒక్క మాటతో తేల్చేయడం మన దగ్గర అలవాటు. సెల్‌ టవర్ల తరంగాలు ఈ రెండింటికీ భిన్నమైన మూడో రకం. వాటి మీద 2010లో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ కూడా వేసింది. అది వేరే చర్చ.

పెట్టెలు పెట్టుకునేవారికి మాత్రం ఖర్చు లేని జాగ్రత్త ఒకటుంది. టవర్ లైన్ల కింద కాకుండా కాస్త పక్కకు, వంద మీటర్లు జరిపి పెట్టుకుంటే సరి. దూరం పెరిగేకొద్దీ ఈ క్షేత్రాలు గబగబా పడిపోతాయి.

చెట్టుకు అయస్కాంతం కడితే పురుగు పోతుందా?

బెల్‌గ్రేడ్ ఫలితాలు చదివితే ఎవరికైనా ఈ ఐడియా వస్తుంది. కానీ 320 మిల్లీటెస్లాలు అయస్కాంతం ఉపరితలం దగ్గరే దొరుకుతాయి. చెట్టు మొదట్లో, వేళ్లలో లోతుగా ఉండే పురుగు వరకు అంత బలం చేరదు. గోడకు ప్లగ్గులో పెట్టి 'విద్యుదయస్కాంత తరంగాలతో బొద్దింకలు పరార్' అని అమ్మే డబ్బాల పరిస్థితీ అంతే. జీడి కాండం తొలుచు పురుగుకు ఇప్పటికీ పాత పద్ధతే దిక్కు. మొదలు దగ్గర పొట్టు కనిపించగానే బెరడు చెక్కి పిల్లపురుగులను ఏరి చంపడం, బాగా దెబ్బతిన్న చెట్లను తోటలోంచి తీసేయడం.

పురుగు నాడీ కణాల మీద ఏ అనుమానమూ లేకుండా పనిచేసేది జీడితోటలో మరొకటి ఉంది. అది తీగల్లో లేదు, స్ప్రేయర్ ట్యాంకులో ఉంది. టీ దోమకు కొట్టే లామ్డా సైహలోథ్రిన్ లాంటి మందులు నేరుగా పురుగు నరాల్లో సోడియం ద్వారాలను మూసుకోకుండా తెరిచే ఉంచుతాయి. నరం ఆగకుండా కొట్టుకుని కొట్టుకుని పురుగు చస్తుంది. టీ దోమ నరానికీ, తేనెటీగ నరానికీ మందుకు తేడా తెలియదు. టీ దోమ లేత చిగుళ్ల మీద, పూత మీద దాడి చేసే కాలం, తేనెటీగలు పూత మీద తిరిగే కాలం ఒకటే కావడం జీడి రైతుకు వచ్చిన చిక్కు.

మందు కొట్టక తప్పకపోతే పూత విచ్చుకుని ఈగలు తిరిగే పొద్దుటి పూట కాకుండా, అవి పట్టుకు చేరుకున్నాక సాయంత్రం కొట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. పక్క తోటలో తేనెపెట్టెలుంటే ముందురోజే ఆ రైతుకు చెప్పాలి, రాత్రికే ద్వారాలు మూసుకునే వీలుంటుంది. జీడి పూత సంక్రాంతి ముందు నుంచి మొదలై మార్చి దాకా సాగుతుంది. ఆ కాలంలో తోటలో తేనెటీగలు తగ్గినట్టు కనిపిస్తే, తీగల వైపు తలెత్తి చూసేముందు కిందటి వారం ఎవరి తోటలో ఏ మందు కొట్టారో ఆరా తీయడం మంచిది.